‘ఇంజెక్షన్ వికటించి’ అని రాసి కేస్ షీట్ మూసేయకండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య విద్య సంచాలకులకు, బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

‘ఇంజెక్షన్ వికటించి రోగి మృతి’. మన పత్రికల్లో తరచూ కనిపించే శీర్షిక ఇది. ఆ ‘వికటించి’ అన్న మాట కింద కనీసం అరడజను వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. అసలైన ఎలర్జీ ఒకటి. వయల్‌లోనో, మందు కలిపిన నీళ్లలోనో బ్యాక్టీరియా విషాలు ఉండటం ఇంకొకటి. ఒక మందుకు బదులు వేరే మందు ఎక్కించడం, గంటసేపు ఎక్కించాల్సినదాన్ని సిరంజితో ఒక్క తోపు తోయడం, సూది భయంతో బీపీ పడిపోవడం, ఉన్న జబ్బే ముదిరి సరిగ్గా ఆ సమయానికి ప్రాణం పోవడం కూడా అదే మాట కిందకు వస్తాయి. ఈ తేడా రోగి బంధువులకు తెలియకపోతే తప్పు కాదు. ఆసుపత్రికి తెలిసి తీరాలి. కానీ చాలాసార్లు తెలియడం లేదు, ఎందుకంటే తేల్చడానికి కావాల్సిన ఆనవాళ్లు మొదటి రెండు గంటల్లోనే చెత్తబుట్టలోకి పోతున్నాయి.

మేం కోరేది ఒక్కటే. పాత రియాక్షన్ లేనివాళ్లకు కూడా ప్రతి యాంటీబయాటిక్‌కూ చేస్తున్న టెస్ట్ డోస్ తంతు ఆపించండి. ఆ సిరంజిలు, ఆ నర్సుల సమయం, ఆ శ్రద్ధ నిజంగా జరిగిన రియాక్షన్లను పరిశోధించడానికి మళ్లించండి.

వార్డులో జరిగేదేమిటో మీకు తెలియనిది కాదు. ఒక గ్రాము సెఫ్‌ట్రయాక్సోన్ వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్ పోస్తారు. అంటే మి.లీ.కు 100 మి.గ్రా. అందులోంచి 0.1 మి.లీ. ముంజేతి చర్మంలోకి ఎక్కించి, చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి, పావుగంట తర్వాత ఓ చూపు చూసి ‘టీడీ నెగెటివ్’ అని రాస్తారు. ఒక వార్డులో దాన్ని పదింతలు పలచన చేస్తారు, పక్క వార్డులో అలాగే వాడతారు. యూరప్ ఎలర్జీ నిపుణుల ప్రమాణం ప్రకారం సెఫ్‌ట్రయాక్సోన్‌కు చర్మ పరీక్ష గాఢత మి.లీ.కు 20 మి.గ్రా. మించకూడదు. అంతకంటే చిక్కగా ఉంటే ఎలర్జీ లేని చర్మం కూడా మండి ఎర్రబడుతుంది. ఎక్కించాల్సింది 0.02 నుంచి 0.05 మి.లీ. మాత్రమే. 0.1 మి.లీ. ఎక్కిస్తే ఆ ద్రవమే బొబ్బలా లేచి పాజిటివ్ అనిపిస్తుంది. పరీక్ష పక్కనే ఉత్త సెలైన్ చుక్క ఒకటి, ఎవరి చర్మాన్నైనా ఉబ్బించే హిస్టమిన్ చుక్క ఒకటి పెట్టి పోల్చాలి. సెలైన్ దగ్గర కూడా ఉబ్బితే ఆ చర్మమే అంత. హిస్టమిన్ దగ్గర ఉబ్బకపోతే ఆ రోగి అప్పటికే ఎవిల్ లాంటి ఎలర్జీ మందు వేయించుకుని వచ్చాడన్నమాట. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఆగి వచ్చే రోగుల్లో ఇది మామూలే. ఈ రెండు పోలికలూ లేని పరీక్షలో వచ్చిన ‘నెగెటివ్’కు అర్థం లేదు.

సరే, పరీక్షను అన్ని నియమాలతో చేశారనే అనుకుందాం. అప్పుడైనా లెక్క కుదరదు. రుమాటిక్ జ్వరం వచ్చినవాళ్లకు నెలనెలా ఇచ్చే పెన్సిలిన్ మీద అంతర్జాతీయ అధ్యయనం 1991లో వెలువడింది. 1,790 మందికి ఇచ్చిన 32,430 ఇంజెక్షన్లలో అనఫిలాక్సిస్ (ప్రాణం మీదకు తెచ్చే తీవ్ర ఎలర్జీ) నలుగురికి వచ్చింది. అంటే పదివేల ఇంజెక్షన్లకు ఒకటి చిల్లర. పెన్సిలిన్ చర్మ పరీక్షల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2021లో ప్రచురించిన విశ్లేషణలో, నిజంగా ఎలర్జీ ఉన్నవాళ్లలో పరీక్ష పట్టుకున్నది 31 శాతం మందినే. ఎలర్జీ లేనివాళ్లలో 97 శాతం మందిని లేదని సరిగ్గా చెప్పింది. ఈ రెండూ వేర్వేరు జనాల అంకెలే అయినా, అంచనాకు కలిపి చూడండి. పదివేల మందికి పరీక్ష చేస్తే ప్రమాదం రాబోయే ఆ ఒక్కరిని మూడింట రెండుసార్లు వదిలేస్తాం, ఏమీ లేని మూడు వందల మందికి మాత్రం ‘పెన్సిలిన్ పడదు’ అని ముద్ర వేస్తాం. ఆ ముద్ర జీవితాంతం పోదు. అలాంటి గర్భిణికి సిఫిలిస్ వస్తే బిడ్డను కాపాడే మందు పెన్సిలిన్ ఒక్కటే. దగ్గుతో వచ్చిన మనిషికి పెన్సిలిన్ మానేసి లివోఫ్లాక్సాసిన్ రాస్తే, టీబీ ఉన్నా కొన్నాళ్లు అణిగి, బయటపడటం ఆలస్యమవుతుంది.

సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్ మందులకు ముందు అందరికీ చర్మ పరీక్ష చేసే అలవాటు చైనాలోనూ బలంగా ఉండేది. 2021లో అక్కడి ఆరోగ్య కమిషన్ ఆ అలవాటు అక్కర్లేదని మార్గదర్శకాలు ఇచ్చింది.

‘రేపు కేసు పడితే టెస్ట్ డోస్ ఎందుకు చేయలేదని అడుగుతారు’ అన్నది వార్డుల్లో అసలు భయం. నర్సుకో, హౌస్ సర్జన్‌కో ఆ భయం తీర్చగలిగింది మీ సర్క్యులరే. టెస్ట్ డోస్ బదులు కేస్ షీట్‌లో ఉండాల్సినవేమిటో అందులో రాయండి: మందుల చరిత్ర అడిగి రాసినట్టు సంతకం, ఇంజెక్షన్ తర్వాత 30 నిమిషాలు చూసినట్టు బీపీ నమోదు, అదే ట్రేలో అడ్రినలిన్ ఆంప్యూల్ ఉన్నట్టు టిక్కు. ఎప్పుడో ప్రమాదకరమైన రియాక్షన్ వచ్చినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు చర్మ పరీక్ష తప్పకుండా ఉండాలి. అది కూడా ఎలర్జీ పరీక్షలు చేసే చోట, ముందు గుచ్చి చూసే పరీక్ష, తర్వాత చర్మంలోకి ఎక్కించే పరీక్ష, ఆ వరుసలోనే.

బెంజథిన్ పెన్సిలిన్ గురించి విడిగా చెప్పాలి. గుండె కవాటాలు పాడైన పిల్లలకు బరువును బట్టి 6 లేదా 12 లక్షల యూనిట్లు, సాధారణంగా ప్రతి 21 రోజులకు ఇవ్వాల్సిన మందు ఇది. ప్రతిసారీ మళ్లీ టెస్ట్ డోస్ అంటారు. పైగా ఆ తెల్లటి చిక్కటి మందుతోనే చేస్తారు. అది కరిగే మందు కాదు, తేలియాడే పొడి. చర్మ పరీక్షకు పనికిరాదు. ఈ ఇంజెక్షన్ తర్వాత కుప్పకూలిన వారందరినీ ‘పెన్సిలిన్ ఎలర్జీ’ ఖాతాలో వేయడం కూడా పొరపాటే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో ఈ మరణాలను పరిశీలించి, బాగా ఇరుకైన మైట్రల్ కవాటం ఉన్నవాళ్లలోనూ, గుండె పంపింగ్ తగ్గినవాళ్లలోనూ చాలావాటికి కారణం అనఫిలాక్సిస్ కాకపోవచ్చని చెప్పింది. నొప్పికి, భయానికి బీపీ పడిపోతే బలహీనమైన గుండె తట్టుకోలేక ఆగిపోతుందన్నది దాని వివరణ. అలాంటి వాళ్లకు మాత్రలు ఇవ్వమంది. మిగతావాళ్లకు ఖాళీ కడుపుతో ఇవ్వకూడదు, నీళ్లు తాగించాలి, పడుకోబెట్టి ఇవ్వాలి. ఇది ఎలర్జీయా, గుండె ఆగిందా అని తేల్చడానికి చూడాల్సినవి మామూలు గుర్తులే: దద్దుర్లు వచ్చాయా, గొంతు బిగిసిందా, పిల్లికూతలు వినిపించాయా, నాడి వేగంగా ఉందా నెమ్మదించిందా. సూది భయంతో పడిపోయినవాళ్లకు నాడి నెమ్మదిస్తుంది, చర్మం పాలిపోతుంది. అనఫిలాక్సిస్‌లో సాధారణంగా నాడి పరిగెడుతుంది, ఒళ్లు ఎర్రబడుతుంది. చాలా కేస్ షీట్లలో ఈ నాలుగు ముక్కలే ఉండవు. ‘పేషెంట్ సడన్‌గా కొలాప్స్ అయ్యారు’ అని ఒక వాక్యం ఉంటుంది, అంతే.

చికిత్స గురించి ఒక్క మాట, పరిశోధన కాకపోయినా. ఎవిల్, డెక్సా ముందు ఇచ్చి, అడ్రినలిన్‌ను ఆఖరికి ఉంచడం ఇంకా జరుగుతోంది. ఎవిల్ దురద తగ్గిస్తుంది, బీపీ పెంచదు. డెక్సా స్టెరాయిడ్, అది పనిచేయడానికి గంటలు పడుతుంది. పెద్దవాళ్లకు అడ్రినలిన్ 0.5 మి.గ్రా., అంటే మి.లీ.కు 1 మి.గ్రా. ఉన్న ఆంప్యూల్‌లో సగం, తొడ బయటి వైపు కండలోకి ఇవ్వాలి. పిల్లలకు కిలోకు 0.01 మి.గ్రా. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ. చర్మం కిందకు కాదు, నరంలోకి అసలే కాదు. రోగిని లేపి నిలబెట్టకూడదు.

ఇక పరిశోధనకు మొదటి రెండు గంటలే ప్రాణం. రియాక్షన్ మొదలైన 30 నిమిషాల నుంచి 2 గంటల్లోపు, మహా అయితే 4 గంటల్లోపు, మామూలు గడ్డకట్టే ట్యూబ్‌లో 3 మి.లీ. రక్తం తీసి సీరం వేరు చేసి ఫ్రీజర్‌లో పెట్టాలి. ఇది ట్రిప్టేజ్ పరీక్షకు. ఎలర్జీని రేపే మాస్ట్ కణాలు పగిలితే రక్తంలోకి వచ్చే ఎంజైమ్ ఇది, సుమారు రెండు గంటలకోసారి సగానికి సగం తగ్గిపోతుంది. 24 గంటలు దాటాక రెండో నమూనా తీయాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ల్యాబ్ రిపోర్ట్‌లో 11.4 వరకు నార్మల్ అని ఉంటుంది కాబట్టి 9 వస్తే ‘ఏమీ లేదు’ అనుకుంటారు. పోల్చాల్సింది ఆ గీతతో కాదు, అదే మనిషి మామూలు స్థాయితో. మామూలు స్థాయిని 1.2తో గుణించి 2 కలపండి. రెండో నమూనాలో 5 వస్తే, 1.2 రెట్లు 6, రెండు కలిపితే 8. రియాక్షన్ సమయంలో 8 దాటితే మాస్ట్ కణాలు పగిలినట్టే. అంటే ఆ 9 పాజిటివ్. రెండో నమూనా తీయకపోతే మొదటిది సగం వృథా. ట్రిప్టేజ్ పెరగనంత మాత్రాన ఎలర్జీ కాదని చెప్పడమూ కుదరదు.

వయల్ పారేయకూడదు. మిగిలిన మందు, మందు కలిపిన నీళ్ల సీసా, సిరంజి, ఐవీ సెట్, బ్యాచ్ నంబర్ ఉన్న అట్టపెట్టె, అన్నీ ఒక కవర్‌లో పెట్టి, సీలు వేసి, టైమ్ రాసి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒకే వార్డులో ఒకే పూట పదిహేను మందికి చలి, వణుకు, జ్వరం వచ్చాయంటే అది ఎలర్జీ అయ్యే అవకాశం దాదాపు లేదు. ఎలర్జీ మనిషి మనిషికీ వేరు, ఒక వార్డు మొత్తం మీద ఒక్కసారిగా దాడి చేయదు. ఇంజెక్షన్ తర్వాత అరగంట, గంటలో వణుకు పుడితే ముందు అనుమానించాల్సింది ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషాన్ని. అంటే మందు తయారీ గానీ, అందరికీ ఒకే సీసాలోంచి నీళ్లు తీసి కలిపిన మన అలవాటు గానీ. వయల్, సీసా రెండూ ఉంటేనే డ్రగ్స్ కంట్రోల్ ల్యాబ్ ఆ రెండింటిలో ఏదో చెప్పగలదు. ఒక్క వయల్ పంపితే తప్పు కంపెనీదా, వార్డుదా అన్నది తేలదు. అది తేలకపోతేనే నయమనుకునేవాళ్లు రెండు వైపులా ఉంటారు, అది వేరే విషయం.

ఆలస్యంగా వచ్చే రియాక్షన్ల సంగతి ఇంకా దారుణం, ఎందుకంటే అవి ఆసుపత్రిలో మొదలవ్వవు. ఫిట్స్‌కు కార్బమజెపిన్ మొదలుపెట్టిన రెండు వారాలకు జ్వరం వస్తుంది, కళ్లు ఎర్రబడతాయి, నోరు పూస్తుంది. ఇంట్లో ‘మందు వేడి చేసింది’ అంటారు. మజ్జిగ తాగించి మాత్రలు కొనసాగిస్తారు. ఒళ్లంతా పొక్కులు వస్తే అమ్మవారేమోనని వేపాకులు కడతారు. మూడో రోజుకు చర్మం ఊడుతుంది. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ ఇది. మందు మొదలుపెట్టిన 4 నుంచి 28 రోజుల మధ్య వస్తుంది. జ్వరం, దద్దుర్లతో పాటు లివర్ లాంటి అవయవాలనూ దెబ్బతీసే డ్రెస్ అనే రియాక్షన్ ఇంకా ఆలస్యం, రెండు నుంచి ఎనిమిది వారాలు. నెలసరి నొప్పికి చాలామంది వేసుకునే మెఫెనమిక్ యాసిడ్‌తో డ్రెస్ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబర్‌లో హెచ్చరిక ఇచ్చింది. ఈ హెచ్చరిక మన మెడికల్ షాపు కౌంటర్ దాకా చేరిందా?

కార్బమజెపిన్ విషయంలో ముందుగానే తెలుసుకునే దారి ఉంది. తైవాన్‌లో 2004లో ఈ మందుతో స్టీవెన్స్ జాన్సన్ వచ్చిన 44 మందిలో 44 మందికీ హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 జన్యు రకం కనిపించింది. మందు పడినవాళ్లలో 101 మందికి ముగ్గురిలోనే ఉంది. 2011లో అక్కడే 4,877 మందికి ముందు పరీక్ష చేసి, ఉన్నవాళ్లకు వేరే మందు ఇస్తే ఒక్కరికీ ఆ జబ్బు రాలేదు. మన దేశంలో 2009లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో ఎనిమిది మందిలో ఆరుగురికి అదే రకం కనిపించింది. ఎనిమిది మంది లెక్కతో విధానాలు మార్చలేం. మన జనాభాకు సరిపోయే అంకె కావాలి, దానికి మన న్యూరాలజీ ఓపీలు, చర్మ వ్యాధుల వార్డులు చాలు. జబ్బు వచ్చినవాళ్లు ఒక వైపు, అదే ఓపీలో కనీసం మూడు నెలలుగా ఇబ్బంది లేకుండా ఆ మందు వాడుతున్నవాళ్లు ఇంకో వైపు. ఊదా మూత ట్యూబ్‌లో 3 మి.లీ. రక్తం. టైపింగ్ మాత్రం నాలుగంకెల దాకా చేయించాలి. కిడ్నీ మార్పిడికి చేసే చౌక పరీక్షలో కొన్నిసార్లు ‘బి 15’ అని మాత్రమే వస్తుంది. 15:02, 15:21 లాంటివన్నీ అందులో కలిసిపోతాయి కాబట్టి దానితో లాభం లేదు. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జన్యు పరిశోధన సంస్థలు హైదరాబాద్‌లోనే ఉండగా నమూనాలు ఢిల్లీకి పంపాల్సిన పని లేదు.

కుష్ఠు రోగులకు ఇచ్చే డాప్సోన్‌నూ ఇందులో చేర్చండి. నాలుగైదు వారాలకు జ్వరం, కామెర్లు, దద్దుర్లు కలిసి వస్తే అది పసరు మందుకు పోయే పచ్చకామెర్లు కాకపోవచ్చు, డాప్సోన్ రియాక్షన్ కావచ్చు. దీనికీ హెచ్‌ఎల్‌ఏ-బి 13:01కీ సంబంధం ఉందని 2013లో చైనా పరిశోధకులు చూపించారు. మన దగ్గర ఆ రకం ఎంతమందికి ఉందో కొలవడానికి లెప్రసీ కార్యాలయం జాబితాయే మొదటి మెట్టు.

ఇప్పటికే ‘పెన్సిలిన్ పడదు’ అని ముద్ర పడినవాళ్ల సంగతి. విదేశీ అధ్యయనాల్లో అలాంటివారికి సరైన పరీక్ష చేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ మందు పడింది. ఆ ముద్ర నిజమయ్యే అవకాశం ఎంతో మార్కులతో అంచనా వేసే పెన్-ఫాస్ట్ లెక్క 2020లో వచ్చింది, చాలా తేలిక. రియాక్షన్ ఐదేళ్లలోపు అయితే 2 మార్కులు. అనఫిలాక్సిస్, ముఖం లేదా గొంతు వాపు, చర్మం ఊడటం లాంటివి ఉంటే 2. చికిత్స అవసరమైతే 1. మూడు కంటే తక్కువ వస్తే ప్రమాదం తక్కువ. అలాంటివాళ్లకు చర్మ పరీక్ష లేకుండా నేరుగా నోటి ద్వారా పెన్సిలిన్ ఇచ్చి చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. 382 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు నేరుగా, ఇంకో గుంపుకు చర్మ పరీక్ష తర్వాత ఇస్తే, ఒక్కో గుంపులో రియాక్షన్ వచ్చింది ఒక్కొక్కరికే. మన దగ్గర ఈ లెక్క ఎంత నిలుస్తుందో చూడటం మంచి పీజీ థీసిస్. ఒక అమాక్సిసిలిన్ మాత్ర, రెండు గంటల పరిశీలన, పక్కన అడ్రినలిన్, ఆక్సిజన్. చర్మం ఊడినవాళ్లు, డ్రెస్ వచ్చినవాళ్లు, అదుపులో లేని ఆస్తమా ఉన్నవాళ్లు ఈ అధ్యయనంలో ఉండకూడదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో రాసిన అంగీకార పత్రం తప్పనిసరి.

అడిగే తీరు కూడా మార్చాలి. ‘ఎలర్జీ ఉందా?’ అంటే మనవాళ్లు గ్యాస్ట్రిక్‌నూ, కళ్లు తిరగడాన్నీ, నీరసాన్నీ కలిపి ‘ఉంది’ అంటారు. ఇలా అడగండి: ఏ మందు పడలేదు? వేసుకున్న ఎంతసేపటికి? ఏమైంది? ఎన్నేళ్లయింది? ఆసుపత్రిలో చేరారా? ఆ తర్వాత అదే మందు మళ్లీ ఎప్పుడైనా వాడారా? ఈ ఆఖరి ప్రశ్నకే విలువ ఎక్కువ. పెన్సిలిన్ పడదన్న మనిషి పోయిన ఏడాది పంటి నొప్పికి అమాక్సిసిలిన్ కోర్సు హాయిగా వాడి ఉంటాడు. కానీ ఏ మందో చాలాసార్లు చెప్పలేడు, ఎందుకంటే షాపులో స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలు కవర్‌లో వేసి ఇచ్చారు. పేరు ఆ మిగిలిన ముక్క మీద ఉండిపోయింది. ఆసుపత్రి ఫార్మసీలోనైనా కవర్ మీద మందు పేరు తెలుగులో రాయడం తప్పనిసరి చేయండి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే అన్నింటి పేర్లూ.

డబ్బు గురించి అడుగుతారని తెలుసు. కొత్త వ్యవస్థ అక్కర్లేదు. ఏ బ్యాచ్ మందు ఏ ఆసుపత్రికి ఎన్ని డోసులు వెళ్లిందో ఈ-ఔషధి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అదే మనకు హారం. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి ఉంది. దాని కేంద్రాలు మన వైద్య కళాశాలల ఫార్మకాలజీ విభాగాల్లో ఉన్నాయి. అక్కడ నింపే ఫారాలే లవం. ఈ రెండింటినీ ఒకే బల్ల మీదకు తెచ్చే మనిషి లేకపోవడమే లోటు. రాష్ట్రానికి మూడేసి ఆసుపత్రులు ఎంచుకుని, ఒక్కోచోట ఒక ఫార్మసిస్టును ఏడాదిపాటు ఈ పనికే కేటాయించండి. వార్డులకు ట్రిప్టేజ్ ట్యూబులు, సీలు కవర్లు, ఒక పేజీ టైమ్‌లైన్ ఫారం ఇవ్వండి. రియాక్షన్ వచ్చినవాళ్లకు డిశ్చార్జ్ సమ్మరీలో మందు అసలు పేరు, తేదీ, ఏమైంది, ఏవి వాడొచ్చు అన్నవి రాయించి, అదే ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) రికార్డులోనూ ఎక్కించండి. ‘డ్రగ్ ఎలర్జీ +’ అని గీకితే చాలదు.

ఫారం నింపిన నర్సుకు మెమో ఇవ్వబోమని ముందే లిఖితపూర్వకంగా చెప్పండి. ఇది లేకపోతే పైవన్నీ కాగితం మీదే ఉంటాయి. రోగులు, బంధువులు కూడా 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబర్‌కు నేరుగా ఫిర్యాదు చేయొచ్చు, వినియోగదారుల ఫారం తెలుగులోనూ ఉంది. ఆ నంబర్‌ను ఓపీ చీటీ వెనక ముద్రించడానికి అదనపు ఖర్చేమీ లేదు. ఈసారి చీటీలు అచ్చుకు ఇచ్చేటప్పుడే చేర్చించండి.

ఇట్లు
మందుల భద్రతపై పనిచేస్తున్న కొందరు వైద్యులు, ఫార్మసిస్టులు, నర్సులు